వడ్లాయన అతికిన రెక్క

నాలుగేళ్ల కిందట నేనొక కాగితం మీద సంతకం పెట్టాను. అందులో నాలుగు వాక్యాలున్నాయి. మొదటి రెండూ నిజం. నాలుగోది ఇకపై జాగ్రత్తలు తీసుకుంటామనే మామూలు మాట. మూడోది అబద్ధం. వడ్రంగి సరిగా అతకకపోవడం వల్ల గ్లైడర్ రెక్క ఊడిపోయిందని అందులో ఉంది. రెక్క ఊడలేదు, విరిగింది. అతుకు చెక్కుచెదరలేదు. ఆ సంగతి ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, ఇంకొకరు నేను. ఆయన చెప్పాడు, ఎవరూ వినలేదు. నేను చెబితే వినేవాళ్లు. నేను చెప్పలేదు.

పోయిన నెల ఆయన కాలం చేశాడు. ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. పాత ఆఫీసు మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఒకాయన మాత్రం, "ఎవరండీ, మన గ్లైడర్ రెక్క ఊడగొట్టినాయనేనా? పాపం, మనిషి మంచివాడు" అని రాశాడు. ఆ మనిషి కావాలని రాసింది కాదు. ఆయనకు తెలిసింది అదే. నేను సంతకం పెట్టిన మూడో వాక్యం ఇంకా అలాగే బతికి ఉందన్నమాట. అందుకని ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆ కాగితంలో ఒకసారి రాశాం, అది చాలు. ఆఫీసులో అందరం మేస్త్రీ అని పిలిచేవాళ్లం. ఆయన మాత్రం, "నేను వడ్లాయన్ని సార్, మేస్త్రీ అంటే సిమెంటు కలిపేటోడనుకుంటరు" అనేవాడు. అయినా మేము మానలేదు.

రాయదుర్గం మెట్రో స్టేషనుకు దగ్గర్లోని ఒక టవరులో ఎనిమిదో అంతస్తు మాది. ఆయన మా కంపెనీ మనిషి కాదు. భవనం నిర్వహణ చూసే కాంట్రాక్టరు పెట్టిన మనిషి. ఊడిన డ్రాయర్లు, కిర్రుమనే తలుపులు, ఊగే బల్లలు ఆయన పని. మా మెడల్లో నీలం రంగు బ్యాడ్జిలు, కాంట్రాక్టు వాళ్లకు పసుపువి. ఆయన తన బ్యాడ్జిని చొక్కా జేబులోకి దోపుకునేవాడు. వేలాడితే రంపంలో పడుతుందని ఆయన భయం. దానివల్ల ప్రతి తలుపు దగ్గరా గార్డు ఆపేవాడు. ఆయన విసుక్కోకుండా, పెళ్లి పత్రిక తీసినట్టు నెమ్మదిగా బయటికి తీసి, చూపించి, మళ్లీ లోపల పెట్టుకునేవాడు. ఒకే గార్డుకు రోజుకు ఆరుసార్లు చూపించేవాడు. "ఏం మేస్త్రీ, పొద్దున చూశాడు కదా?" అంటే, "ఆయన నౌకరీ ఆయన చెయ్యాలె గద సార్" అనేవాడు.

మా కంపెనీలో అభిరుచుల క్లబ్బు ఒకటుండేది. వార్షికోత్సవానికి ఒక్కో జట్టు ఏదో ఒకటి చేసి చూపించాలి. నేను రాకెట్ గ్లైడర్ చేస్తానన్నాను. కాలేజీ రోజుల్లో ఏదో పత్రికలో దాని నక్షా చూసినప్పటి నుంచి మనసులో ఉన్న కోరిక అది. గ్లైడర్ అంటే ఇంజను లేకుండా గాలిలో తేలే బొమ్మ విమానం. రాకెట్ గ్లైడర్‌కైతే ముక్కు దగ్గర వేలెడంత మందు గొట్టం ఉంటుంది. బటన్ నొక్కితే నిట్టనిలువుగా పైకి పోతుంది. పైకి చేరాక గొట్టం విడిపోయి ఎర్ర రిబ్బనుతో కిందికొస్తుంది. గ్లైడర్ ఒక్కటే మిగిలి, గద్దలా చుట్లు తిరుగుతూ తీరిగ్గా వాలుతుంది. మందు గొట్టాలు అనుమతి ఉన్న అమ్మకందారు దగ్గర క్లబ్బు కొన్నది. మైదానం సంగతి, పోలీసులకు చెప్పుకోవడం మా ఫెసిలిటీస్ మేనేజరు చూసుకున్నాడు. చెక్క పని నా వంతు. నాకు చెక్క పని రాదు.

ఆయన నాకు మొదట కనబడింది ఆ రోజుల్లోనే. చిన్న మీటింగ్ గదిలో బల్ల మీద బాల్సా పలకలు పరుచుకుని, కాగితాలు కోసే కత్తితో రెక్క కోస్తున్నాను. బాల్సా చాలా తేలికైన చెక్క. కోస్తుంటే గీత వెంట పోకుండా చెక్కలోని పోగు వెంట చీలిపోతోంది. ఆయన ఆ గదిలో తలుపు బందు బిగించడానికి వచ్చాడు. బిగించాక కూడా వెళ్లలేదు. వెనకాల నిలబడి చూస్తున్నాడు.

"గిది కట్టేనా సార్?" అన్నాడు.

అవునన్నాను. వేరే దేశంలో పెరిగే చెట్టని చెప్పాను. ఆయన ఒక పలక తీసుకుని అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత గోటితో అంచు గీరాడు.

"ప్యాలాల లెక్క ఉన్నది. దీంతోని పీట చేస్తే పిల్లి కూసున్నా ఇరుగుతది." పలకను తిరిగి బల్ల మీద పెట్టి, "ఇప్పటికి ఎన్ని కరాబ్ చేసినవ్?" అన్నాడు.

"నాలుగు."

"ఇంక ఎన్ని ఉన్నయి?"

"మూడు."

"అయితే జర్ర నువ్వు పక్కకు కూసో సార్."

నేను పక్కకు కూర్చున్నాను. ఆయన కత్తిని పక్కన పెట్టి, సంచిలోంచి కొత్త బ్లేడు తీశాడు. ఒక్కసారే కోయలేదు. గీత మీద తేలిగ్గా ఏడెనిమిదిసార్లు లాగాడు. చివరిసారి లాగితే రెక్క దానంతటది విడివడింది. అంచులు నున్న చేయడానికి గరుకు కాగితం వాడతాడనుకున్నాను. పగిలిన గాజుముక్క తీసి దాని అంచుతో గీకాడు. పిండిలాంటి పొట్టు రాలింది. ఆ పొట్టును చీపురుతో ఊడ్చి, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే హౌస్‌కీపింగ్ అమ్మ తిడుతుందన్నాడు.

ఆ రోజు నుంచి రెండు నెలలపాటు మధ్యాహ్నం భోజనం వేళ ఆయన నాతో కూర్చునేవాడు. కూర్చునేవాడనడం తప్పు. ఎప్పుడూ నిలబడే పని చేసేవాడు. ఒకసారి బలవంతంగా నా కుర్చీలో కూర్చోబెట్టాను. వెనక్కి వాలితే అదీ వెనక్కి వాలింది. ఉలిక్కిపడి లేచాడు. "గిది కూసునే కుర్సీ కాదు సార్, పండుకునే కుర్సీ. గందుకే మీ ఫ్లోర్ల అందరు నిద్రమొకాల మీదుంటరు" అన్నాడు. అని, వంగి దాని కింది మర ఒకటి బిగించి వెళ్లాడు. ఏ వస్తువు దగ్గరికి వెళ్లినా ఏదో ఒకటి బిగించకుండా వదిలేవాడు కాదు.

కొలతలు నా నక్షాలో మిల్లీమీటర్లలో ఉండేవి. ఆయన లెక్క అంగుళాల్లో, సూత్‌లలో. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. నేను ఫోన్‌లో లెక్కగట్టి చెప్పేలోపు ఆయన బొటనవేలు పెట్టి గుర్తు గీసేవాడు. తర్వాత కొలిచి చూస్తే సరిగ్గా ఉండేది. "గీ ఫోన్ ఎప్పుడన్న రిపేరుకిచ్చినవా సార్?" అనేవాడు. ఇచ్చానంటే, "నా ఏలు ఇంతవరకు ఇయ్యలే" అని నవ్వేవాడు.

రెండు రెక్కలను మధ్యలో అతికేటప్పుడు బల్లపరుపుగా కాకుండా రెండు కొసలూ కొంచెం పైకి లేచి ఉండాలి. అలా ఉంటేనే గాలిలో ఒరగకుండా నిలుస్తుంది. ఆ కోణం ఎంతో నేను డిగ్రీల్లో చెప్పబోయాను. ఆయన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, తీర్థం పట్టేవాడిలా చూపించి, "గింతనా?" అన్నాడు. అంతే. ఆ అతుకు కోసం రెండు అంచులనూ ఏటవాలుగా గీకి, లోపల సన్నని వెదురు పుల్ల ఒకటి పెట్టి, పైన దారం చుట్టాడు. జిగురు చీపురు పుల్లతో రాశాడు. బయటికి ఉబికిన జిగురును వెంటనే తుడిచేశాడు. "జిగురు కండ్లకు కనవడ్డదంటే పని రానట్టే" అన్నాడు.

అతికిన రెక్కను ఆ గదిలోనే ఉంచుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఈడ వద్దు సార్. ఈడ ఏసీ. నువ్వు ఎగిరేసేది బయట. బయటి గాలికి అలవాటు కావాలె. లేకుంటే గుస్స అయితది."

చెక్క వంకర తిరగడాన్ని ఆయన గుస్స అనేవాడు. కొత్తగా కోసిన ఏ చెక్కైనా కొన్ని రోజులు గుస్స మీద ఉంటుందట. అది దిగేదాకా ముట్టకూడదట. మా టవరులో ఏడాది పొడుగునా ఒకటే చలి, ఒకటే పొడి గాలి. కింద మూడో బేస్‌మెంటులో పార్కింగు పక్కన ఆయన సామాన్ల గది ఉంది. అక్కడ బయటి గాలే. రెక్కను అక్కడికి తీసుకుపోయి, నేల పరచగా మిగిలిన రెండు గ్రానైటు ముక్కల మధ్య పెట్టాడు. మూడు రోజుల తర్వాత తీసి, ఒక కన్ను మూసి, అంచు వెంట చూసి, "నడుస్తది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. మరీ నచ్చితే ఇంకొక్క ముక్క చేర్చేవాడు: "నడుస్తది, ఇగ ముట్టకుండ్రి."

కేఫెటీరియా వెనక గడ్డి మీద చేత్తో విసిరి చూసేవాళ్లం. ముక్కుకు మైనం కొంచెం అంటించడం, గిల్లి తీసేయడం, మళ్లీ విసరడం. నేను క్రికెట్ బంతిలా విసిరితే ముక్కు పైకెత్తి, ఆగి, దబ్బున పడేది.

"సార్, గది కాకి కాదు కొట్టి ఎల్లగొట్టనీకి. పంపియ్యాలె" అన్నాడు.

ఆయన విసిరే తీరు వేరు. తలుపు మెల్లగా తోసినట్టుండేది. గ్లైడర్ ఆయన చేతిలోంచి జారి, నడుమెత్తున తేలుతూ వెళ్లి, గడ్డి చివర బెంచీల దగ్గర వాలేది. కాఫీ కప్పులతో నిలబడ్డ వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన చప్పట్ల వైపు చూసేవాడు కాదు. వెళ్లి తెచ్చుకుని, రెక్క కింద ఏమైనా గీత పడిందేమో చూసుకునేవాడు.

ఒక సాయంత్రం ఇద్దరం స్టేషను మెట్లెక్కుతున్నాం. పైకెళ్లాక ఆయన చేత్తో టవర్లు చూపించాడు. ఆయన జనగామ వైపు నుంచి వచ్చింది ఈ బిల్డింగులు లేస్తున్నప్పుడేనట. సగం వాటిలో ద్వారబంధాలకో, పైకప్పులకో ఆయన చెయ్యి పడింది. "గా మూడోదాంట్ల పెద్ద మీటింగు బల్ల నాదే సార్. లోపట్నే కూసొని చేసిన. ఇప్పుడు దాన్ని బయటికి తియ్యాల్నంటే గోడ పలగ్గొట్టాలె" అన్నాడు. ఆయన గొప్ప చెప్పుకోవడం విన్నది ఆ ఒక్కసారే. ఆ బల్ల ఉన్న భవనంలోకీ మా భవనంలోకీ ఆయన్ని రానిచ్చేది జేబులోని ఆ పసుపు బ్యాడ్జి, పని బాగా చేస్తాడన్న పేరు. ఆ రెండూ పోతే ఆయన చేతిలో ఏముంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఇక నేను చేసిన పని.

వార్షికోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం పై ఊరి నుంచి మా డైరెక్టరు వచ్చాడు. ఆయనకు చూపించాలని నేను బేస్‌మెంటుకు వెళ్లి, మేస్త్రీ సామాన్ల గదిలోంచి గ్లైడర్ తెచ్చాను. అప్పుడు మేస్త్రీ వేరే అంతస్తులో ఉన్నాడు. డైరెక్టరు చూసి, బాగుంది కానీ కంపెనీ గుర్తు ఎక్కడా లేదే అన్నాడు. నేను మార్కెటింగ్ వాళ్ల దగ్గర అరచేయి వెడల్పు ప్లాస్టిక్ స్టిక్కరు తెచ్చి ఎడమ రెక్క పైన అంటించాను. ఒక్క రెక్క మీదే, పైవైపే. ఆ సాయంత్రం గ్లైడర్‌ను మళ్లీ కిందికి దింపలేదు. ఏసీ నడుస్తున్న మీటింగ్ గదిలో వదిలేసి మియాపూర్‌లోని ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు ఔటర్ రింగురోడ్డు అవతల ఒక క్రికెట్ మైదానం. రాత్రి వాన పడి వెలిసింది. ఉక్కపోత. నేల మీద నుంచి ఆవిరి లేస్తోంది. గ్లైడర్ పెట్టె తెరిచి అరగంటైంది. మేస్త్రీ పసుపు బ్యాడ్జి జేబులో దోపుకుని వచ్చాడు. స్టిక్కరు చూశాడు. రెక్కను కంటికెత్తి అంచు వెంట చూశాడు. చాలాసేపు చూశాడు.

"సార్, ఎడమ రెక్క గుస్స మీదున్నది."

"అంతగా ఏం లేదు మేస్త్రీ."

"పైన ప్లాస్టిక్ ఏస్తివి. కింద గాలి తాగుతున్నది. ఒక్క దిక్కు తాగితే మనిషైనా ఒంకర నడుస్తడు. ఇయ్యాల వద్దు సార్. పోనీ ఒక్కసారి చేత్తోని ఇసిరి చూద్దాం. రెండు నిమిషాలు."

డైరెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. టెంటు కింద నూట యాభై మంది ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. "టైమ్ లేదు మేస్త్రీ" అన్నాను. ఆయన వెనక్కి జరిగి, టెంటుకూ మాకూ మధ్య నిలబడి, దగ్గరికి వస్తున్న వాళ్లను వెనక్కి వెళ్లమని చేతులతో తోస్తున్నాడు. నేను బటన్ నొక్కాను.

పైకి లేచింది. చెట్టెత్తు దాకా తిన్నగానే పోయింది. అక్కడ ఎడమకు మెలి తిరగడం మొదలెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మరచీల లాగా తిరుగుతూ టెంటు వైపు వంగింది. గాలిలోనే ఎడమ రెక్క స్టిక్కరు అంచు దగ్గర పటుక్కున విరిగింది. మిగిలింది టెంటు తాడుకు తగిలి, పక్క జట్టులో టెస్టింగ్ చేసే అమ్మాయి కనుబొమ మీద కొట్టింది. రక్తం కారింది. ఆస్పత్రిలో మూడు కుట్లు పడ్డాయి. కంటికి ఏమీ కాలేదు. అరంగుళం కిందికైతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

ఆ గొడవంతా సద్దుమణిగాక ఫెసిలిటీస్ మేనేజరు మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు. ఈ ఊరివాడే, మేస్త్రీ కంటే ఇరవై ఏళ్లు చిన్న.

"ఏందిది? జిగురు సక్కగ పెట్టరాదా నీకు? ఇన్నేండ్ల సంది ఏం చేస్తున్నవ్?"

మేస్త్రీ మైదానంలోంచి ముక్కలు ఏరి తెచ్చాడు. రెండింటినీ గాలిలో పక్కపక్కన పట్టి చూపించాడు. "ఇగో సార్, అతుకు ఈడ. ఇరిగింది ఆడ. జానెడు దూరం ఉన్నది. సూడుండ్రి."

మేనేజరు చూడలేదు. ఫోన్‌లో ఆస్పత్రితో మాట్లాడుతున్నాడు. మేస్త్రీ నా వైపు తిరిగాడు.

"సార్‌ను అడుగుండ్రి" అన్నాడు.

మేనేజరు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి నన్ను చూశాడు. డైరెక్టరూ చూశాడు. నేను, "ముందు రిపోర్ట్ రాద్దాం, తర్వాత చూద్దాం" అన్నాను.

అదే నేను అన్నది. అబద్ధం కూడా కాదు చూడండి. మా ఆఫీసుల్లో మాకు బాగా అలవాటైన వాక్యం అది. ఏదైనా చెడితే ముందు బ్యాడ్జి రంగు చూస్తాం. పసుపుదైతే అక్కడితో వెతుకులాట ఆగిపోతుంది. ఆ నెలలో నా జీతం పెంపు మీద, హోదా మీద నిర్ణయం జరగాలి. ఉద్యోగి నిర్లక్ష్యం అని రాస్తే అది హెచ్చార్ దాకా వెళుతుంది. భయపడ్డాను. ఇది కారణం. సాకుగా చెప్పడం లేదు.

మేస్త్రీ నన్ను రెండోసారి అడగలేదు. ముక్కలు రెండూ నా చేతిలో పెట్టి, టెంటు తాడు వదులైందని అటు వెళ్లి మేకు బిగించాడు. ఆ రెండు ముక్కలూ చాలు, ఎవరికి చూపించినా నిజం తెలిసేది. నేను వాటిని కారు డిక్కీలో పడేసి, వారం తర్వాత మా అపార్టుమెంటు చెత్తడబ్బాలో వేశాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సోమవారం కాగితం వచ్చింది. సంతకం పెట్టాను. బుధవారం ఆయన బ్యాడ్జి వెనక్కి తీసుకున్నారు. ఆ కాంట్రాక్టరు చూసే భవనాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ ఆయన పేరు పక్కన గీత పడింది. నాకు ఆ నెలలో హోదా పెరిగింది. నా కుర్చీ కూడా మారింది.

తర్వాత మూడేళ్లు ఆయన్ని చూడలేదు. వెతకలేదు. నంబరు నా ఫోన్‌లోనే ఉంది.

కిందటేడు మా అన్నయ్య కూతురు ఏలూరు నుంచి కోచింగ్‌కు వచ్చి నిజాంపేటలో ఒక హాస్టల్లో చేరింది. దింపడానికి నేను వెళ్లాను. ఆ పిల్లకు ఇచ్చిన మంచం కదిలితే చాలు కిర్రుమంటోంది. వార్డెనమ్మ ఫోన్ చేసి, "మంచాలాయన్ని రమ్మను" అంది. పది నిమిషాల్లో ఆయన వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మంచం కిందికి దూరి చెక్క చీలిక ఒకటి కొట్టి, బయటికొచ్చి దుమ్ము దులుపుకుంటూ నన్ను చూశాడు.

"సార్, మల్ల గ్లైడర్ చేసినవా?" అన్నాడు.

అందులో దెప్పడం లేదు. నిజంగానే అడిగాడు. లేదన్నాను. మెట్ల దాకా ఆయన వెనకే వెళ్లాను. "మేస్త్రీ, ఆ రోజు మైదానంలో మీరు నన్ను అడగమన్నప్పుడు నేను..." అని మొదలుపెట్టాను.

"నాకెందుకు చెప్తున్నవ్ సార్? నాకు తెల్సు గద" అన్నాడు. "తెల్వనోళ్లకు చెప్పాలె."

"ఎవరికి?"

ఆయన మెట్టు మీద ఆగాడు. చేతిలో సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. "మా అల్లునికి చెప్పు. దుకాణం ఆయనదే. నన్ను జిగురు ముట్టనియ్యడు. తలుపులు, బల్లలు, ఏ కొత్త పనైనా ఆయన చేస్తడు, పనోళ్లు చేస్తరు. నాకు గీ హాస్టల్ మంచాలే. 'హైటెక్ సిటీల నీ అతుకు ఊడిందంట గద మామా' అంటడు. నవ్వుకుంటనే అంటడు. మంచి పిలగాడే. కని అంటడు."

ఆదివారం వెళ్లాను. నిజాంపేటలో ఒక సందులో రేకుల షెడ్డు. ముందు తలుపు చట్రాలు వరసగా ఆనించి ఉన్నాయి. లోపల చెక్కను చదును చేసే మిషను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అల్లుడికి ముప్పై అయిదేళ్లుంటాయి. ఇద్దరు పనివాళ్లు ఉన్నారు. మేస్త్రీ ఒక మూల హాస్టల్ మంచం కోడు చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, వెళ్లి మిషను స్విచ్చి ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఏమైంది మామా?" అన్నాడు అల్లుడు.

"సార్ ఏదో చెప్తడంట. ఇను."

నేను మొదలుపెట్టాను. మా ఆఫీసు, క్లబ్బు, గ్లైడర్, బాల్సా చెక్క స్వభావం, ఏసీ గదిలోని పొడి గాలి, వాన వెలిశాక తేమ, స్టిక్కరు. ఆఫీసులో స్లైడు చూపిస్తూ చెప్పినట్టే చెప్పాను. అల్లుడు మర్యాదగా వింటున్నాడు. పనివాళ్లలో ఒకడు బీడీ వెలిగించబోయి ఆగాడు.

"అంటే తప్పు ఏసీదా సార్?" అన్నాడు అల్లుడు.

మేస్త్రీ స్విచ్చి మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. మిషను వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు. "సీదా చెప్పు సార్" అన్నాడు.

అల్లుడు కుర్చీ జరిపి, "కూసోండి సార్, గింత చిన్న మాటకు మీరింత దూరం రావాల్నా, పోన్లే..." అన్నాడు.

"ఆగు బిడ్డా. సార్‌ను చెప్పనీ."

నేను కూర్చోలేదు.

"తప్పు ఏసీది కాదు, నాది. మీ మామయ్య అతికిన అతుకు ఊడలేదు. ఆయనకు చెప్పకుండా రెక్క మీద స్టిక్కరు అంటించింది నేను. ఎగరెయ్యొద్దని ఆయన నాకు చెప్పాడు. అయినా ఎగరేశాను. అది వేరేచోట విరిగిందని నా కళ్లతో చూశాను. అందరి ముందూ ఆయన నన్ను అడగమన్నప్పుడు నోరు మెదపలేదు. ఆయన పని చెడ్డదని రాసిన కాగితం మీద నా చేత్తో సంతకం పెట్టాను. ఆయన పని పోయింది అందుకే. మీరిన్నాళ్లూ ఆయన్ని అంటున్న మాట నాది, నన్ననాల్సింది." ఆయన వైపు తిరిగాను. "మీకు అన్యాయం చేశాను మేస్త్రీ. నన్ను క్షమించండి."